కెంపు గ్రహం మీద వాన

"వాన పడితే ఎట్లమ్మా?"

మా త్రివేణి ఈ మాట అన్నప్పుడు నేను పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్నాను. చేతిలో తెడ్డు ఆగిపోయింది. ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో వాన పడకపోతే ఎట్లా అని ఏడ్చేవాళ్లను చూశాను గాని, పడితే ఎట్లా అని దిగులుపడే మనిషిని నేను బుద్ధెరిగాక చూడలేదు.

"నోరు మూసుకోవే. ఇంట్లో విత్తనం కాయలు పెట్టుకోని మాట్లాడే మాటేనా అది? మీ నాయన చెవిన పడితే ఏమనుకుంటాడు?"

"పడొద్దని యాడన్నా? బీడంతా పచ్చగయితే వాళ్లు రారేమో అంటాండా."

వాళ్లంటే టీవీ వాళ్లు. కిందటేడు ఎండాకాలం హైదరాబాదు నుంచి బస్సులు, జనరేటరు లారీ వేసుకుని వచ్చి మా ఊరి గుట్ట కింద బీడులో దిగారు. వాళ్లు తీసేది పిల్లల సీరియల్. పేరు 'కెంపు గ్రహం'. నలుగురు హైస్కూలు పిల్లలు ఆకాశంలో పోయే ఓడలో దారి తప్పి, నీళ్లనేవే లేని గ్రహం మీద పడిపోతారు. ఆ గ్రహానికి మా బీడు సరిపోయింది. ఒక గుండు రాయి జరపలేదు, ఒక పొద తీయలేదు. తీయడానికి పొదలుంటే గదా.

"సెట్టింగు పనే లేదమ్మా. అంతా దేవుడే వేసి పెట్టాడు" అని నవ్వాడు వాళ్ల మేనేజరు చంద్రమోహన్.

మా అత్త ఆంజినమ్మ ఊరుకుంటుందా? "ఏసినోడు దాని కూలి గూడా మాకే ఇచ్చిపోయింటే బాగుండు నాయనా" అంది.

అప్పుడు త్రివేణి తొమ్మిదో తరగతికి పోబోతోంది. సెలవుల్లో గొర్రెలు తోలుకుని ఆ బీడుకే పోయేది. డైరెక్టరు గొర్రెల వెనక నిలబడ్డ పిల్లను చూసి, ఆ గ్రహంలో పుట్టిన పిల్ల వేషం ఈమెకే అన్నాడు. ముఖానికీ మెడకూ చేతులకూ ఎర్ర రంగు పూశారు. నీళ్లు లేక ఆ గ్రహం మనుషులకు నాలుక ఎండి మాట పోయిందని కథ. అందుకని మా పిల్లకు ఒక్క మాట కూడా లేదు. కళ్లతోనే చెప్పాలి అన్నీ. చివరి భాగంలో భూమి మీది అబ్బాయి "నీ పేరేంటి?" అని అడుగుతాడు. త్రివేణి నోరు తెరుస్తుంది. అంతే, అక్కడితో మొదటి సీజన్ అయిపోయింది.

షూటింగ్ జరిగినన్నాళ్లూ నేను గొడుగు వేసుకుని అక్కడే కూర్చున్నాను. ఆ రంగుకు ముఖం బొబ్బలెక్కుతుందని భయం. జనరేటరు వైరు తొక్కుతుందని భయం. రేకులతో చేసిన ఆకాశం ఓడ గాలికి ఊగితే, నా పిల్ల మీదే పడుతుందని భయం. ఏదీ జరగలేదు. అందరికీ ఏదీ జరగకపోతే భయం తగ్గుతుంది. నాకు మాత్రం జరగలేదు కాబట్టి ఇంకా జరగాల్సి ఉంది అనిపిస్తుంది.

సీరియల్ వచ్చాక బడిలో పిల్లలకు అదే ఆట. త్రివేణి కనబడితే చాలు, "నీ పేరేంటే?" అని అడిగేవాళ్లు. ఈమె మూతి బిగించి, "రెండో సీజన్లో చెప్తా" అనేది. ఆ పేరు ఏమిటో చంద్రమోహన్ ఫోన్ చేసి మా పిల్లకు ముందే చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. ఈసారి మాటలన్నీ ఈమెవేనట, ఆ గ్రహంలో మొదట మాట తిరిగి వచ్చేది ఈ పిల్లకేనట. షూటింగ్ ఆగస్టులో, మళ్లీ మా బీడులోనే. ఇంక చూడాలి దాని సంబరం. గుట్ట మీద గొర్రెలను నిలబెట్టి వాటికి డైలాగులు చెప్పేది.

"గొర్రెలకు చెప్తావు, కన్నతల్లికి చెప్పవా ఆ పేరు?" అని అడిగాను ఒకసారి.

"గొర్రెలు ఊర్లో చెప్పవు గదమ్మా" అని పకపకా నవ్వింది.

ఆ నవ్వు నాకు బాగా గుర్తు. దాని తర్వాత మా ఇంట్లో ఆ నవ్వు వినబడలేదు.

ఆ ఏడు ఏరువాక వచ్చిపోయినా చినుకు లేదు. విత్తనం శెనక్కాయలు ఒలిచి పెట్టుకుని ఊరంతా ఆకాశం వైపు చూస్తోంది. ఇంకో నాలుగు వారాలు దాటితే విత్తినా దండగే. మా ఆయన ఓబిలేష్ పొద్దున లేస్తూనే పొలానికి పోయి, ఊరికే నిలబడి, తిరిగి వచ్చేవాడు. అప్పుడు ఊళ్లో ఆడవాళ్లమంతా కలిసి వానరాయుణ్ణి తిప్పాలనుకున్నాము.

మా ఊళ్లో అది పాత పద్ధతి. పుట్టమన్నుతో బొమ్మ చేసి, వేపమండలు చుట్టి, పీట మీద పెట్టి, పెళ్లికాని పిల్ల తలకెత్తుతారు. ఇంటింటి ముందూ నిలబెట్టి బొమ్మ మీద చెంబెడు నీళ్లు పోస్తారు. మోసే పిల్ల బొమ్మ మొత్తం కరిగిపోయేదాకా నోరు తెరవకూడదు. మనసులో ఒకే కోరిక అనుకుంటూ నడవాలి. ఆ పిల్ల కోరిందే వానరాయుడు వింటాడని నమ్మకం.

ఎవరు మోయాలి అన్నప్పుడు మా అత్తే ముందు అంది. "మా త్రివేణి మోస్తాది. టీవీలో ఊరూ నాడూ చూసిన మొగం. దేవుడు గూడా చూస్తానే గుర్తుపడతాడు."

అందరూ నవ్వారు. త్రివేణి నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థం కాలేదని చెప్పను. ఆ పిల్లకు ఆగస్టు దాకా బీడు ఎర్రగా ఉండాలి. కాని పక్కింటి రామసుబ్బమ్మ అప్పటికే పీట కడిగి తెచ్చింది. అందరూ చూస్తున్నారు. ఒద్దంటే ఏమనుకుంటారు? వాన రాకపోతే, ఓబిలేష్ పిల్ల మోయనన్నందుకే రాలేదంటారు. నా బుర్ర ఎప్పుడూ అట్లాగే పోతుంది.

"మొయ్యి తల్లీ" అన్నాను.

మోసింది. నేను వెనకాలే నడిచాను, మెడ పట్టేస్తుందేమో, కాలు జారుతుందేమో అనుకుంటూ. ఇల్లు ఇల్లుకూ నీళ్లు పోస్తుంటే మన్ను కరిగి దాని నుదుటి మీదుగా, కళ్ల మీదుగా, గొంతు దాకా ఎర్రగా కారింది. కళ్లు మూసుకునే నడిచింది. పెదాలు గట్టిగా బిగించుకుంది. ఊరి చివర ఇంటి దగ్గరికి వచ్చేసరికి తల మీద ఒట్టి పీట, వేపమండలు మిగిలాయి.

"అదో, కెంపు గ్రహం పిల్ల వచ్చింది!" అని ఎవరో అరిచారు. త్రివేణి నవ్వలేదు. నీళ్ల గాబు దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది.

ఆ వారంలోనే వాన పడింది. అట్లాంటి ఇట్లాంటి వాన కాదు. గట్లు తెగాయి. మా ఆయన తడుస్తూ వాకిట్లో నిలబడి చిన్నపిల్లాడిలా అరిచాడు. మరునాటి నుంచి ఊళ్లో ప్రతి చేలో విత్తడానికి గొర్రు కట్టారు. విత్తనాలన్నీ మొలిచాయి. గుట్ట కింద బీడులో కూడా నేను చిన్నప్పుడెప్పుడో చూసిన గడ్డి లేచింది. గొర్రెలు తల ఎత్తకుండా మేశాయి. ఊరంతా మా పిల్లను పొగిడింది. ఆమె ఇంట్లోంచి బయటికి రాలేదు.

చంద్రమోహన్ వచ్చింది ఆ పచ్చదనంలోకే. కారు దిగి, బీడు అంచున బురదలో బూట్లు దిగబడి, చాలాసేపు అట్లాగే చూశాడు.

"ఏంటమ్మా, మా గ్రహం ఏమైపోయింది?" అన్నాడు.

మా ఆయన నవ్వాడు. "మా గ్రహం మాకొచ్చిందన్నా."

ఇంటికొచ్చి మజ్జిగ తాగి, విషయం చెప్పాడు చంద్రమోహన్. ఈ పచ్చలో తీయలేరు. గడ్డి ఎండేదాకా ఆగడానికి మిగతా పిల్లలకు బడులున్నాయి. షూటింగ్ రాజస్థాన్ ఎడారికి మార్చేస్తున్నారు. త్రివేణిని అక్కడికి పంపాలి. తోడుగా ఇంట్లోవాళ్లు ఒకరు రావచ్చు, ఖర్చంతా వాళ్లదే.

రాజస్థాన్ ఎక్కడుందో నాకు తెలియదు. నేను అనంతపురం పెద్దాసుపత్రి దాటి పోయిందాన్ని కాదు. ఆ మనిషి చెబుతుండగానే నా కళ్ల ముందు రైలు పట్టాలు తప్పింది. తెలియని ఊళ్లో తెలియని మగవాళ్ల మధ్య నా పిల్ల దారి తప్పింది. ఇసుకలో ఎండదెబ్బ తగిలి పడిపోయింది, నేను అడిగే మాట అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. ఇవన్నీ అయిపోయాయి, ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టేలోపల.

"నువ్వు రామ్మా నా జతకు" అంది త్రివేణి. నా పక్కకు వచ్చి కూర్చుని, నా కొంగు పట్టుకుంది. "నాయన ఉంటాడు గదా ఈడ. ఒక్క నెలే."

"కలుపు తియ్యాల. అవ్వకు నడుము నొప్పి. గొర్రెలెవురు చూస్తారు?"

"నేను చూస్తాలే" అని మా అత్త మూలుగుతూనే అంది. "నడుము నొప్పిగాని కండ్లు బాగుండాయి నాకు."

"సుజాతా, నీ ఇష్టం" అన్నాడు మా ఆయన. ఆయన ఎప్పుడూ అంతే. కష్టమైన మాట నా చేతిలో పెట్టి తప్పుకుంటాడు. "నువ్వు ఊ అంటే నేనెట్లో చూసుకుంటా."

అందరూ నా ముఖం వైపు చూశారు. నేను ఊ అనలేకపోయాను.

"వచ్చే ఏడు ఈడనే తీస్తారేమో, అప్పుడు చేస్తాదిలే అన్నా" అన్నాను చంద్రమోహన్‌తో.

"వచ్చే ఏడుకి ఈ పిల్లలంతా పెద్దవాళ్లైపోతారమ్మా. కథ ఆగినచోటే మొదలవ్వాలి." ఆయన మా పిల్ల వైపు చూడకుండా మెల్లగా అన్నాడు. "ముఖమంతా రంగే కదా. ఎవరో ఒకరిని చూసుకుంటాంలే. మీరు బాధపడకండి."

త్రివేణి నా కొంగు వదిలేసింది.

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. ఆ తర్వాత నాతో మాటలు తగ్గించేసింది. తిన్నావా అంటే ఊ. పడుకుంటావా అంటే ఊ. గొర్రెల దగ్గర డైలాగులు మానేసింది. నాకు రోజూ ఏదో ఒకటి తోచేది. ఫలానా ఊళ్లో ఫలానా పిల్ల పరీక్ష పోయిందని చేసిన పని గుర్తుకొచ్చేది. చేనికి కొట్టే మందు డబ్బా తీసుకుపోయి రామసుబ్బమ్మ ఇంట్లో పెట్టి, నేను తప్ప ఎవరడిగినా ఇవ్వొద్దని చెప్పి వచ్చాను. మా ఆయనకు తెలిసి, "ఏమప్పా, పిల్ల రోంత అలిగితే ఇంత చేస్తావా?" అన్నాడు. అన్నాడు గాని, ఆ డబ్బా తిరిగి తెమ్మనలేదు.

శెనక్కాయ చెట్టు పూత పట్టింది. పసుప్పచ్చగా ఎంత బాగుందో చేను. పూత రాలి ఊడలు భూమిలోకి దిగే సమయం వచ్చింది. ఆ సమయంలో ఒక్క వాన కావాలి. నేల మెత్తగా ఉంటేనే ఊడ దిగుతుంది, దిగితేనే కాయ. శ్రావణం పోయింది, వాన లేదు. వినాయక చవితి పోయింది, లేదు. నేల గట్టిపడి పగుళ్లిచ్చింది. ఊడలు భూమిని తాకి, లోపలికి పోలేక, గాలిలో నల్లగా మాడిపోయాయి. రామసుబ్బమ్మ మళ్లీ వానరాయుణ్ణి తిప్పుదామంది. ఈసారి పీట ఎత్తే ఓపిక ఎవరికీ లేకపోయింది.

దసరాకల్లా బీడులో గడ్డి పోయింది. మన్ను తేలింది. మునుపటికంటే ఎర్రగా, మునుపటికంటే బోడిగా, అచ్చం కెంపు గ్రహం. ఇప్పుడు వాళ్లు వచ్చి ఉంటే ఒక గుండు రాయి కూడా జరపాల్సిన పని లేదు.

ఆ సెలవుల్లోనే రెండో సీజన్ మొదటి భాగం వచ్చింది. నేను పెట్టొద్దన్నాను. మా అత్త వినదు గదా. మా ఆయన ఫోను గూట్లో ఆనించి, పెట్టించుకుని కూర్చుంది. త్రివేణి వాకిలి తలుపు దగ్గర నిలబడింది. ఎక్కడ చూసినా ఇసుక దిబ్బలు. భూమి మీది అబ్బాయి అడిగాడు. "నీ పేరేంటి?" ఎర్ర రంగు పూసుకున్న పిల్ల నోరు తెరిచింది.

"ఈ పిల్ల మన పిల్ల కాదే" అంది మా అత్త. "నిలబడేది చూడు, కొయ్యబొమ్మ మాదిరి."

"నా పేరు చినుకు" అంది ఆ పిల్ల. "మా గ్రహంలో ఆ మాటకు అర్థం ఎవరికీ తెలియదు."

నేను ఫోన్ వైపు కాదు, త్రివేణి వైపు చూస్తున్నాను. దాని పెదాలు కదిలాయి. ఆ పిల్లతో పాటే, ఒక్క మాట కూడా తప్పకుండా, గొంతు లేకుండా కదిలాయి.

సరిగ్గా అప్పుడే మా ఆయన చేను నుంచి వచ్చాడు. చేతిలో ఒక శెనక్కాయ చెట్టు. వేళ్లతో సహా పెరికి తెచ్చి మా మధ్యలో పడేశాడు. ఒక్క కాయ లేదు. "అంతా ఇంతే" అని చెప్పి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆయన అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మనిషి ఇంక లేవడేమో అనిపించింది. నా గుండెలో ఏదో ఎగదన్నింది. అది ఎవరి మీదన్నా పడాలి. పిల్ల మీద పడింది.

"ఇప్పుడు సల్లగుండాదా నీకు?" అని అరిచాను. "ఆ పొద్దు తల మీద పెట్టుకోని తిరిగితివి గదా. నోరు మూసుకోని లోపల ఏమని మొక్కుకున్నావే? వాన రావద్దనే గదా? మీ నాయన మొగం చూడు. చూసి చెప్పు, ఏమని మొక్కుకున్నావు?"

"ఏం మాటే అది, నీ నోట్లో మన్ను పడ!" మా అత్త లేచి నిలబడింది. నడుము నొప్పి కూడా మరిచిపోయింది. "నువ్వు మొయ్యమంటే గదా మోసింది!"

త్రివేణి నన్ను చూసింది. మొదటి సీజన్ అంతా చూసిన చూపే అది. తరువాత లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి ఆ ఊ కూడా లేదు. నాతోనే కాదు, ఇంట్లో ఎవరితోనూ. పళ్లెంలో పెట్టింది తింటుంది. చెప్పిన పని చేస్తుంది. వాళ్ల నాయన బతిమాలినా, అవ్వ తిట్టినా, తల ఊపడమే. మా అత్త దిష్టి తీసింది. నేను కదిరి స్వామికి ముడుపు కట్టాను. గొంతుకు ఏమన్నా అయిందేమో, నిజంగానే మాట పడిపోయిందేమో అని కొత్త భయం పట్టుకుంది నన్ను. ఎవరిని అడగాలి?

సెలవులయ్యాక, బడి మొదలైన రోజు, త్రివేణికి తెలియకుండా వెనకాలే పోయాను. పదో తరగతి గది కిటికీ కింద, గోడకు ఆనుకుని కూర్చున్నాను. సారు హాజరు పిలుస్తున్నాడు. పేర్లు వస్తున్నాయి, పోతున్నాయి.

"త్రివేణి."

"ప్రెజెంట్ సార్."

ఉంది. గొంతు ఉంది. కొంచెం బొంగురుగా, కాని నా పిల్ల గొంతే. అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. గొంతు ఉన్నందుకు సంతోషమో, అది నాకు లేనందుకు ఏడుపో నాకే తెలియలేదు. ఆ తర్వాత కూడా చాలాసార్లు పోయాను. అటువైపు కట్టెలకు పోతున్నానని చెప్పి, ఆ రెండు మాటలు విని వచ్చేదాన్ని. రోజుకు అంతే నాకు దొరికేది.

కాయ లేని చెట్లను చేలో వదిలేస్తే గాలికి పోతాయి. పెరికి ఆరబెడితే గొర్రెలకు మేతన్నా అవుతుందని మా ఆయన అన్నాడు. ఆదివారం ముగ్గురం పోయాము. ఆయన అటు చివర నుంచి, నేనూ త్రివేణీ ఇటు నుంచి, సాలు వెంబడి వంగి పెరుకుతున్నాము. గట్టినేల. చెట్టు సగం తెగి వస్తుంది, సగం భూమిలోనే ఉంటుంది. ఎండ మండుతోంది. పైన ఒక్క మబ్బు తునక లేదు. చేను గట్టు మీద నుంచి చూస్తే గుట్ట కింద బీడు, దాని అవతల ఇంకో బీడు.

"త్రివేణీ" అన్నాను.

పెరుకుతోంది.

"తిట్టు నన్ను. నీ వల్లే పోయిందని అరువు. నేను ఒద్దన్నా గాబట్టే ఎవురో పిల్ల నీ పేరు చెప్పుకున్యాది. ఆ మాటన్నా అను."

ఒక చెట్టు పెరికింది. మన్ను దులిపింది. కుప్ప మీద వేసింది.

"ఆ పొద్దు నేనన్న మాట ఒట్టి కోపం. వాన నువ్వు ఆపితే ఆగేదా, నేను పిలిస్తే వచ్చేదా? నాకు తెల్దా?" ఇంకో చెట్టు పట్టుకుని లాగాను. "కానీ నువ్వు మాట్లాడకపోతే నాకు ఏమేమో తోచ్చాండాయి. నాకు నిద్ర లేదు. కండ్లు మూస్తే నువ్వు... నీకేమో అయినట్టు. నువ్వు ఏమని మొక్కుకున్నా సరే. రావద్దని మొక్కుకున్నా సరే. నేనేమీ అనను. ఏదో ఒకటి చెప్పు తల్లీ."

సాలు చివరికి పోయాము. తిరిగాము. ఇంకో సాలు పట్టుకున్నాము. అటు నుంచి మా ఆయన లేచి నిలబడి మమ్మల్ని చూసి, మళ్లీ వంగాడు. గాలికి ఎర్రమన్ను లేచి మా మీద పడింది. చెమటకు అంటుకుని త్రివేణి ముఖం, మెడ, చేతులు ఎర్రగా అయ్యాయి. నేను కొంగుతో తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ముట్టుకుంటే దూరం జరుగుతుందేమో అని భయం.

ఆ సాలు కూడా అయిపోవస్తోంది. త్రివేణి ఒక చెట్టు పెరికి, చేతిలోనే పట్టుకుని నిలబడింది. వేళ్ల దగ్గర ఎండిన ఊడలను వేలితో ఒకటొకటే తాకి చూసింది. నా వైపు తిరగలేదు. వాడక బొంగురుపోయిన గొంతుతో, ఆ చెట్టుతో చెబుతున్నట్టు అంది.

"రావద్దనలేదమ్మా. షూటింగ్ అయ్యేదాకా రోంత ఆగి రమ్మన్నా. అంతే అడిగినా."